జాలహళ్ళి వాల్వులు, వాటి పక్కన మరికొన్ని అరుదైనవి

పాత రేడియోలోని ఒక వాల్వును ఊడదీసి కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తే, అది చేసే పని చాలా వరకు కంటికే అర్థమవుతుంది. నడిమధ్యన నిలువుగా ఉన్న సన్నని నికెలు గొట్టం కాథోడు. ఆ గొట్టం లోపల ఉన్న తీగ హీటరు. కాథోడు చుట్టూ, దానికి తగలకుండా, చాలా సన్నని తీగను రెండు కడ్డీల మీద వరసగా చుట్టి నిలబెట్టినది గ్రిడ్డు. వీటన్నిటినీ చుట్టుముట్టిన బూడిదరంగు రేకు ప్లేటు. ఎర్రగా వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ధన వోల్టేజి ఉన్న ప్లేటు వాటిని తనవైపు లాక్కుంటుంది. నడుమ ఉన్న గ్రిడ్డు మీద వోల్టేజి కొద్దిగా మారినా చాలు, ప్లేటును చేరే ప్రవాహం ఎంతో ఎక్కువగా మారుతుంది. ఏరియల్ అందుకున్న అతి బలహీనమైన సంకేతం గది నిండా వినిపించే పాటగా పెరగడానికి ఆధారం ఇదే. తన భాగాలన్నిటినీ, వాటి మధ్య ఉన్న ఖాళీలతో సహా, ఇంత స్పష్టంగా చూపించే పరికరం ఎలక్ట్రానిక్సులో ఆ తరువాత మళ్ళీ రాలేదు. ట్రాన్సిస్టరును చూసినా, చిప్పును చూసినా, కనిపించేది పైనున్న తొడుగు మాత్రమే.

నేను హిందూపురం నుంచి ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చి మత్తికెరెలో స్థిరపడినవాణ్ణి. నా గదిలో ఒక గోడ పొడవునా ఉన్న అద్దాల బీరువాలో ఇప్పుడు వాల్వులే ఉన్నాయి. చూడవచ్చిన మిత్రులు సాధారణంగా వీటితో పాటలు వింటారా అని, వీటికి మంచి ధర వస్తుందా అని అడుగుతారు. పాటలు వినే వాల్వులు నా దగ్గర కొన్ని ఉన్నాయి, ధర పలికేవి కూడా ఉన్నాయి, కానీ ఒక వాల్వు ఆ బీరువాలోకి రావాలంటే నేను చూసేది వేరు. తన కాలంలో ఇంజినీర్లకు ఎదురైన ఏదో ఒక చిక్కుకు వాళ్ళు కనిపెట్టిన పరిష్కారం ఆ వాల్వు ఆకారంలో కనిపించాలి. అరుదైన వాల్వు అంటే నా దృష్టిలో అటువంటిది. ఆ లెక్కన లక్షల సంఖ్యలో తయారైన వాల్వు కూడా అరుదైనదే కావచ్చు, ప్రపంచంలో పదే మిగిలిన వాల్వు కూడా కాకపోవచ్చు.

పుట్టుక కథ అందరికీ కొంత తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1880ల్లో ఎడిసన్ తన దీపాల గాజు లోపలి వైపు నల్లబడడానికి కారణం వెతుకుతూ, బల్బు లోపల అదనంగా ఒక లోహపు పలక పెట్టి చూశాడు. వేడి ఫిలమెంటు నుంచి ఆ పలకకు కరెంటు పారుతున్నట్లు గమనించాడు గానీ దాన్ని ముందుకు తీసుకుపోలేదు. 1904లో ఇంగ్లండులో ఆంబ్రోస్ ఫ్లెమింగ్ అదే ఏర్పాటును రేడియో తరంగాలను పట్టుకునే డయోడుగా, అంటే రెండు ఎలక్ట్రోడుల వాల్వుగా మలిచాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ అందులో మూడో ఎలక్ట్రోడును చేర్చి ఆడియాన్ తయారుచేశాడు. అయితే గాజులో కొంత వాయువు మిగిలి ఉంటేనే అది పనిచేస్తుందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం సరికాదని, లోపల ఎంత లోతైన శూన్యం ఉంటే వాల్వు అంత నమ్మకంగా పనిచేస్తుందని కొన్నేళ్ళకు హెరాల్డ్ ఆర్నాల్డ్, ఇర్వింగ్ లాంగ్‌మూర్ వేర్వేరుగా చూపించారు. ఆ తరువాత వాల్వుల చరిత్రలో చాలా భాగం, ఈ నాలుగు భాగాలను ఎంత దగ్గరగా, ఎంత చిన్నగా, ఎంత గట్టిగా పేర్చగలం అన్న ప్రయత్నాల చరిత్రే.

నా బీరువాలో మొదటి అర ఆ ప్రయత్నాలకు చెందినది. రేడియో తరంగాల కంపనాలు సెకనుకు కోట్లు దాటేసరికి మామూలు వాల్వులు మొరాయించాయి. కాథోడు నుంచి ప్లేటుకు ఎలక్ట్రాను చేరే లోపే తరంగం దిశ మారిపోయేది. పైగా లోపలి భాగాల నుంచి పిన్నుల దాకా ఉన్న తీగల పొడవే సంకేతానికి అడ్డంకిగా తయారయ్యేది. 1930ల మధ్యలో అమెరికాకు చెందిన ఆర్‌సీఏ సంస్థ తెచ్చిన 955 రకం దీనికి ఒక జవాబు. బొటనవేలి గోరు కన్నా కొద్దిగా పెద్దదైన గాజు బుడ్డి, దానికి అడుగున బేసు అన్నదే లేదు. పిన్నులు నడుము చుట్టూ నాలుగు దిక్కులకు పొడుచుకుని వచ్చి ఉంటాయి. లోపలి భాగం నుంచి బయటి పిన్నుకు దారి కొన్ని మిల్లీమీటర్లే. దీన్ని చూసిన వెంటనే, తీగ పొడవు తగ్గించాలన్న తాపత్రయంలో ఇంజినీరు పాత పద్ధతినంతా పక్కన పెట్టాడని తెలిసిపోతుంది. మా అబ్బాయికి వాల్వుల గురించి చెప్పేటప్పుడు నేను మొదట చేతికిచ్చేది దీన్నే.

దాని పక్కన ఉన్న ఈఎఫ్50 హాలెండులోని ఫిలిప్స్ వారి సృష్టి. అప్పటిదాకా వాల్వు అడుగున గాజును నొక్కి తీగలను బయటికి తెచ్చి, వాటిని బేకలైటు బేసులోని పిన్నులకు అతికేవారు. ఈఎఫ్50లో పరచిన గాజు పళ్ళెంలోనుంచి తొమ్మిది గట్టి పిన్నులు నేరుగా లోపలికి పోతాయి. బేసు అవసరమే తీరిపోయింది. టెలివిజన్ రిసీవర్ల కోసం పుట్టిన ఈ పెంటోడు, అంటే ఐదు ఎలక్ట్రోడుల వాల్వు, బ్రిటిష్ రాడార్ రిసీవర్లకు ప్రాణాధారమైంది. 1940 మే నెలలో జర్మనీ హాలెండును ఆక్రమించడానికి కొద్ది ముందు, ఐంధోవెన్ నుంచి ఈ వాల్వులను, వాటి గాజు బేసులను పెద్ద మొత్తంలో ఇంగ్లండుకు తరలించారు. నా దగ్గర ఉన్నది ఎర్ర రంగు వేసిన లోహపు తొడుగుతో ఉంది; యుద్ధకాలంలో అమెరికాలోని సిల్వేనియా తయారుచేసిన రకానికి అది గుర్తు. తరువాత మన ఇళ్ళలోని రేడియోలలో కనిపించిన, గాజులోనుంచే పిన్నులు దిగిన చిన్న వాల్వులన్నీ ఇదే మార్గంలో నడిచినవి.

యుద్ధమే మరో విచిత్రమైన వాల్వును పుట్టించింది. ఫిరంగి గుండు లక్ష్యాన్ని తాకకపోయినా, దాని సమీపానికి రాగానే పేలాలంటే గుండు ముక్కులో చిన్న రేడియో ఉండాలి. ఫిరంగి నుంచి దూసుకుపోయే క్షణంలో గుండు మీద పడే బలం భూమ్యాకర్షణకు దాదాపు 20,000 రెట్లు. గాజుతో, సన్నని తీగలతో చేసిన వస్తువు దాన్ని తట్టుకోగలదని ముందుగా ఎవరు నమ్ముతారు? కానీ చిటికెన వేలి కన్నా సన్నగా ఉండే వాల్వులు తయారయ్యాయి, తట్టుకున్నాయి, 1943 నుంచి యుద్ధరంగంలో పనిచేశాయి. వాటికి పిన్నులు లేవు. తీగలను నేరుగా సర్క్యూటుకు టంకం పెట్టేవారు. ఇదే కుదురులో సోవియట్ వారు ఇంకా ముందుకు పోయి, గ్రిడ్డుకు తీగ చుట్టడం మానేసి, నిలువు కడ్డీలతో ఎలక్ట్రాన్లను పాయలుగా మలిచే పెంటోడులు చేశారు. చుట్టిన గ్రిడ్డు లేని గ్రిడ్డు వాల్వు అది. బ్యాటరీని అతి పొదుపుగా వాడుకుంటుంది. మన దేశానికి సోవియట్ పరికరాలు చాలా వచ్చాయి కనుక రష్యన్ అక్షరాలు అచ్చువేసిన వాల్వులు బెంగళూరు పాత సామాన్ల అంగళ్ళలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. భూతద్దం లేకుండా కడ్డీల వరస కనిపించదు కనుక చాలామంది వీటిని దాటిపోతారు.

ఆర్‌సీఏ 1959లో ప్రకటించిన న్యూవిస్టరు ఈ అరలో చివరిది. ట్రాన్సిస్టరు అప్పటికే వచ్చేసింది; వాల్వు తన చోటును కాపాడుకోవడానికి చేసిన గట్టి ప్రయత్నం ఇది. దీనిలో గాజు లేదు. దర్జీ అంగుస్తానా అంత లోహపు టోపీ, సిరామిక్ అడుగు. భాగాలన్నిటినీ అమర్చి, శూన్యపు కొలిమిలోనే అతికి మూసేవారు. 6సీడబ్ల్యూ4 అనే రకం టెలివిజన్ ట్యూనర్లలో వాడారు. లోపలి నిర్మాణం కంటికి కనిపించకపోయినా నేను దీన్ని ఉంచుకున్నాను, ఎందుకంటే మిగిలినవాటి కథ ఎక్కడ ముగిసిందో ఇది చెబుతుంది.

రెండో అర వెలుగు చూపించే వాల్వులది. ఇక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మ్యాజిక్ ఐ. 1935లో ఆర్‌సీఏ 6ఈ5 రకంతో ఇది ఇళ్ళలోకి వచ్చింది. దీని వెనుక ఆలెన్ డ్యూమాంట్ ఆలోచన ఉంది. రేడియో ముందు భాగంలో గుండ్రంగా ఆకుపచ్చగా వెలిగే ఈ కన్నులో ఒక నల్లని నీడ ముక్క ఉంటుంది. స్టేషను సరిగ్గా కుదిరినప్పుడు ఆ నీడ సన్నబడుతుంది. లోపల జరిగేది చాలా చక్కని ఏర్పాటు. స్టేషను బలంగా వచ్చినప్పుడు రేడియోలో తయారయ్యే రుణ వోల్టేజి, కన్ను అడుగున ఉన్న చిన్న ట్రయోడు (కాథోడు, గ్రిడ్డు, ప్లేటు మాత్రమే ఉన్న మూడు ఎలక్ట్రోడుల వాల్వు) గ్రిడ్డుకు చేరుతుంది. ట్రయోడులో కరెంటు తగ్గి దాని ప్లేటు వోల్టేజి పెరుగుతుంది. ఆ ప్లేటుకు కలిపిన సన్నని కడ్డీ, ఎలక్ట్రాన్లు తాకితే వెలిగే పూత ఉన్న తెర వైపు పోయే ఎలక్ట్రాన్లను అప్పటిదాకా పక్కకు నెడుతూ నీడ పడేలా చేసేది. వోల్టేజి పెరిగేసరికి ఆ నెట్టడం తగ్గి నీడ ముడుచుకుంటుంది. అంటే, కొలిచే మీటరు ముల్లు ఏదీ లేకుండా, కదిలే భాగం ఒక్కటి కూడా లేకుండా, సంకేతం బలం కంటికి కనిపించింది. షార్ట్‌వేవులో రేడియో సిలోను కోసం రాత్రిపూట నాబు తిప్పినవారికి ఈ కన్ను చేసిన సాయం ఎంతో, మా పెద్దల తరం వారిని అడిగితే తెలుస్తుంది.

మ్యాజిక్ ఐలో రకాలు చాలా ఉన్నాయి. ఈఎం34లో గుండ్రని కన్ను, ఈఎం80లో విసనకర్ర ఆకారం, ఈఎం84లో రెండు పక్కల నుంచి వచ్చి కలుసుకునే వెలుగు పట్టీలు. నాకు అపురూపమైనది డీఎం70: బ్యాటరీ రేడియోల కోసం చేసిన ఈ చిన్న గాజు గొట్టంలో వెలిగే ఆకారం అచ్చంగా ఆశ్చర్యార్థకం గుర్తులా ఉంటుంది, సంకేతాన్ని బట్టి దాని పొడవు మారుతుంది. దీని ఫిలమెంటు 1.4 వోల్టుల దగ్గర 25 మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. మ్యాజిక్ ఐలకు ఉన్న పెద్ద కష్టం ఒక్కటే. వాడిన కొద్దీ వెలుగు మసకబారుతుంది, అది తిరిగి రాదు. అందుకే వీటిని ఎవరైనా వచ్చినప్పుడు కొద్దిసేపు వెలిగించి ఆపేస్తాను.

నిక్సీ గొట్టాల గురించి అంతర్జాలంలో ఇప్పటికే చాలా రాశారు కనుక నేను ఎక్కువ చెప్పను. 1950ల మధ్యలో బరోస్ సంస్థ ప్రవేశపెట్టిన ఈ గొట్టాల్లో శూన్యం కాక నియాన్ వాయువు ఉంటుంది, కాథోడు వేడెక్కదు. అంకెల ఆకారంలో వంచిన తీగలు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి, ఏ తీగకు వోల్టేజి ఇస్తే ఆ అంకె నారింజ రంగులో వెలుగుతుంది. సోవియట్ ఐఎన్12 రకంలో 5 అంకెకు విడిగా అచ్చు చేయకుండా 2ను తలకిందులు చేసి పెట్టారన్నది గమనించదగిన పొదుపు. డెకాట్రాన్ మాత్రం నిక్సీ కన్నా ఎక్కువ గౌరవానికి తగినది. గుండ్రంగా నిలిపిన 30 సన్నని కాథోడులలో పది అంకెలవి, మిగిలిన ఇరవై దారి చూపేవి. ఒక్కొక్క పల్సు వచ్చినప్పుడల్లా వెలుగు చుక్క ఒక అంకె నుంచి పక్క అంకెకు జరుగుతుంది. లెక్కించడం, గుర్తుంచుకోవడం, చూపించడం, మూడూ ఒకే గాజులో జరుగుతాయి. ఇంగ్లండులోని హార్వెల్‌లో 1951లో పనిలోకి దిగిన కంప్యూటరు 800కు పైగా డెకాట్రాన్లను జ్ఞాపకశక్తిగా వాడుకుంది. దాన్ని బాగుచేసి బ్లెచ్లీ పార్కులోని కంప్యూటర్ల మ్యూజియంలో ఇప్పటికీ నడిపి చూపిస్తున్నారు. మన దేశంలో టాటా పరిశోధన సంస్థ బొంబాయిలో నిర్మించి 1960లో ప్రారంభించిన కంప్యూటరు టిఫ్రాక్‌లో వాల్వులే 2,700 దాకా ఉండేవి. ఒక్కొక్క వాల్వూ వేడిని వెదజల్లే యంత్రాన్ని నడిపినవారి ఓపికను నేను చాలాసార్లు తలుచుకుంటాను.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం గడిపే అర, బయటివారు అన్నిటికన్నా తక్కువగా చూసే అర, జాలహళ్ళి వాల్వులది. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, మనం ఇక్కడ బీఈఎల్ అనే సంస్థ, 1954లో ఫ్రాన్సుకు చెందిన సీఎస్ఎఫ్ సహకారంతో బెంగళూరులోని జాలహళ్ళిలో ఏర్పడింది. 1961లో ఫిలిప్స్ సహకారంతో రేడియో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది. మరుసటి ఏడే జర్మేనియం ట్రాన్సిస్టర్లు కూడా మొదలయ్యాయి. 1967లో ట్రాన్స్‌మిటింగ్ గొట్టాలు వచ్చాయి. అంటే ప్రపంచంలో వాల్వుల శకం ముగింపుకు వస్తున్న రోజుల్లో మన దగ్గర తయారీ ఆరంభమైంది. దీన్ని ఆలస్యం అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. ఆ రోజుల్లో ఊరూరా రేడియో చేరవలసి ఉంది, పాడైన ప్రతి వాల్వుకూ విదేశీ మారకద్రవ్యం ఖర్చుపెట్టే స్థితిలో దేశం లేదు. ఈఎల్84, ఈసీఎల్82 వంటి వాల్వులు బీఈఎల్ పేరుతో రిపేరు షాపులకు చేరడం వల్లనే ఎన్నో ఇళ్ళలో రేడియోలు మోగుతూ ఉండగలిగాయి. వాల్వుల వంటి అతి శుభ్రత కోరే తయారీలో చేయి తిరిగినవారే తరువాతి పరికరాల తయారీకీ పునాది అయ్యారు.

విద్యారణ్యపురలో నాకు పరిచయమైన ఒక పెద్దాయన ఆ వాల్వుల విభాగంలో పనిచేసి రిటైరైనవారు. చిత్తూరు జిల్లా నుంచి కుర్రవాడిగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పగిలిన ఈసీఎల్82 ఒకటి ఆయన ముందు పెడితే, కళ్ళజోడు సవరించుకుని, పట్టకారుతో ఒక్కొక్క భాగాన్నీ విప్పుతూ మధ్యాహ్నమంతా చెప్పారు. గ్రిడ్డు కోసం కడ్డీ మీద యంత్రం చిన్న గాటు పెడుతుంది, తీగను ఆ గాటులో కూర్చోబెడుతుంది, వెంటనే గాటు అంచులను నొక్కి మూస్తుంది. ప్రతి చుట్టుకూ ఇదే వరస. కాథోడు గొట్టం మీద బేరియం, స్ట్రాన్షియం కార్బొనేట్ల తెల్లని పూత చల్లుతారు. హీటరు తీగకు అల్యూమినా పూత వేస్తారు, అది కాథోడుకు తగిలి షార్టు కాకుండా. భాగాలన్నిటినీ రెండు అభ్రకపు బిళ్ళల మధ్య గుచ్చి నిలబెట్టి, పిన్నులున్న గాజు అడుగుకు అతికి, పైన గాజు బుడ్డి బోర్లించి మంటతో కలిపేస్తారు. ఆ తరువాతిదే అసలు పని. పంపు గాలిని లాగుతుండగా బయటినుంచి తీగచుట్టతో లోపలి లోహాన్ని ఎర్రగా కాల్చి, అందులో ఇంకిపోయిన వాయువును కూడా బయటికి రప్పిస్తారు; కాథోడును వేడి చేస్తే పూతలోని కార్బొనేటు ఆక్సైడుగా మారి, వెలువడిన వాయువు కూడా పంపులోకి పోతుంది. చివర గాజు కొన కరిగించి మూసి, లోపల పెట్టిన బేరియం ముక్కను ఆవిరి చేస్తారు. మిగిలిన కొద్దిపాటి వాయువును ఆ బేరియం పట్టుకుంటుంది.

ఆయన మాటల్లో ఒకటి నేను అప్పుడే రాసుకున్నాను. "గ్రిడ్డు వంకరగా చుడితే పరీక్షలోనే దొరికిపోతుంది నాయనా. లోపల గాలి మిగిలితే మాత్రం అది కొన్నవాళ్ళ ఇంట్లో, ఆరు నెలలు పోయినాక బయటపడుతుంది. అందుకని పంపు దగ్గర నిలబడినవాళ్ళం ఎప్పుడూ తొందరపడేవాళ్ళం కాదు." విదేశీ వాల్వుల గురించి పుస్తకాలు, పట్టికలు, ఫోటోలు కావలసినన్ని దొరుకుతాయి. మన వాల్వులను చేసిన చేతుల గురించి తెలుసుకోవాలంటే ఇటువంటి పెద్దల దగ్గర కూర్చోవడమే మార్గం.

అభ్రకం ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. వాల్వు లోపల వేడిని తట్టుకుంటూ, కరెంటును పారనివ్వకుండా, భాగాలను కచ్చితమైన దూరంలో నిలబెట్టగల పదార్థం అభ్రకం. దాన్ని పలుచని పొరలుగా విడదీయవచ్చు, అచ్చుతో సన్నని రంధ్రాలు కొట్టవచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రపంచానికి పలకల అభ్రకం అందించిన ప్రధాన దేశం మనదే. ఇప్పటి జార్ఖండ్‌లోని కోడర్మా ప్రాంతపు ఎర్రజాయ అభ్రకం ఒక పక్క, మన నెల్లూరు, గూడూరు ప్రాంతపు ఆకుపచ్చజాయ అభ్రకం మరో పక్క. విదేశీ ముద్ర ఉన్న పాత వాల్వులోని అభ్రకపు బిళ్ళ ఏ గని నుంచి వెళ్ళిందో చెప్పడానికి ఆధారం ఉండదు. అయినా గూడూరు గనుల్లో పొరలు విడదీసిన కూలీల శ్రమకు ఈ పరికరాల్లో వాటా ఉందన్న సంగతి వాల్వుల చరిత్రలో చోటు దక్కవలసినదని నా అభిప్రాయం.

వాల్వులు ఎక్కడ దొరుకుతాయి అని అడిగేవారికి: బెంగళూరులో సాదర్ పత్రప్ప రోడ్డు, అంటే అందరూ ఎస్.పి. రోడ్డు అనే వీధి, ఇప్పుడు కంప్యూటరు భాగాలతో నిండిపోయినా, పాత దుకాణదారులు కొందరి అటక మీద వాల్వుల పెట్టెలు ఇంకా ఉన్నాయి. కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ అన్నీ నడిచే వీధి అది. కావలసిన నంబరు చెప్పి, ఏ రేడియోకో చెప్పి, ఓపికగా నిలబడితే వాళ్ళే నిచ్చెన వేస్తారు. అవెన్యూ రోడ్డు దగ్గరి ఆదివారం సంతలో తెల్లవారే సరికి పాత రేడియోలు, మైకు సెట్ల ఆంప్లిఫయర్లు నేల మీద పరుస్తారు. తిరునాళ్ళలో, పెళ్ళిళ్ళలో మోగిన ఆ పాత ఆంప్లిఫయర్లలో తల మీద లోహపు టోపీ ఉన్న 807 జంట కనిపిస్తే ఆగి చూడవలసిందే. ట్రాన్స్‌మిటర్ల కోసం చేసిన గొట్టం మన మైకు సెట్లలో మరో జీవితం గడిపింది.

కొనే ముందు నంబరు చదవడం నేర్చుకోవాలి. యూరపు పద్ధతిలో మొదటి అక్షరం హీటరు సంగతి చెబుతుంది: ఈ అంటే 6.3 వోల్టులు, డి అంటే 1.4 వోల్టుల బ్యాటరీ రకం, యు అంటే 100 మిల్లీ ఆంపియర్లతో వరసగా కలిపే రకం. తరువాతి అక్షరాలు లోపలి నిర్మాణం: సి ట్రయోడు, ఎఫ్ పెంటోడు, ఎల్ స్పీకరును నడిపే పెంటోడు, ఎం మ్యాజిక్ ఐ, జెడ్ రెక్టిఫయరు (ఏసీ కరెంటును డీసీగా మార్చేది). అంకెల్లో 8తో మొదలైతే తొమ్మిది పిన్నుల చిన్న బేసు, 9తో మొదలైతే ఏడు పిన్నులది. డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96 నాలుగూ ఒకే చోట దొరికితే అది కరెంటు లేని ఊళ్ళో 90 వోల్టుల బ్యాటరీతో మోగిన రేడియో తాలూకు కుటుంబం అని ఇట్టే తెలిసిపోతుంది. ఈ నాలుగింటినీ నేను విడదీయకుండా ఒకే పెట్టెలో ఉంచాను, ఎందుకంటే పంచాయతీ రేడియోల కాలాన్ని చెప్పడానికి నా దగ్గర అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఫిలిప్స్ కుటుంబపు వాల్వుల గాజు మీద, అడుగు దగ్గర, చిన్న అక్షరాల కోడు కూడా చెక్కి ఉంటుంది. అందులో బి అన్నది ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కర్మాగారాన్ని, త్రికోణం గుర్తు హాలెండులోని హీర్లెన్‌ను సూచిస్తుంది. పైన అచ్చువేసిన పేరు ఒకటి, తయారైన చోటు మరొకటి కావడం మామూలే.

గాజు పైభాగంలో అద్దంలా మెరిసే వెండిరంగు మరక కనిపిస్తుంది. అది పైన చెప్పిన బేరియమే. ఆ మరక పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి పోయిందని అర్థం. ఆ వాల్వు ఇక పనిచేయదు. ఉన్న మరక గోధుమరంగు అంచులతో పలుచబడి ఉంటే అది చాలా కాలం పనిచేసినదని ఊహించవచ్చు. గాజు మీది అక్షరాలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ గుడ్డతో తుడవకూడదు. ఆ సిరా చాలా సులువుగా రాలిపోతుంది, నంబరు పోయిన వాల్వు సగం చరిత్ర పోయిన వాల్వు. దుమ్మును మెత్తని కుంచెతో దులిపితే చాలు.

పనిచేసే స్థితి తెలుసుకోవడానికి మొదట మల్టీమీటరుతో హీటరు తెగిందో లేదో చూడాలి. తరువాత వీలైతే ఆవో వంటి వాల్వు టెస్టరు మీద ఉద్గారం, అంటే కాథోడు ఎలక్ట్రాన్లను ఎంతగా వెలువరిస్తోందో, కొలవాలి. వెలిగిన వాల్వులో గాజు గోడ మీద లేత నీలిరంగు కనిపిస్తే భయపడనక్కరలేదు. ఎలక్ట్రోడుల మధ్య ఊదారంగు పొగలా కనిపిస్తే లోపల వాయువు ఉన్నట్లే. పాత రేడియోను నేరుగా మెయిన్సుకు పెట్టకూడదు. దాని కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, డిమ్మర్‌స్టాట్‌తో వోల్టేజిని మెల్లగా పెంచడం క్షేమం. యు వరస వాల్వులున్న రేడియోలలో లోహపు చాసిస్‌కు మెయిన్సు తీగే తగిలి ఉండవచ్చు, కనుక వెనుక అట్ట తీసి చేయి పెట్టడం ప్రాణాంతకం. ఆపేసిన తరువాత కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. 866 వంటి రెక్టిఫయర్లలో పాదరసం ఉంటుంది. వాటి నీలికాంతి చాలా అందమైనదే గానీ, పగిలితే ఇంట్లో విషం. పిల్లలున్న ఇంట్లో వాటిని తాళం వేసిన అరలోనే ఉంచాలి. రాడార్ల తాలూకు కొన్ని స్విచ్చింగు గొట్టాల్లో కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కూడా కలిపేవారు. ఆ గుర్తు ఉన్నవాటిని నేను కొనను, ఇంట్లోకి తేను.

సంగీత ప్రియుల మీద నాకు గౌరవం ఉంది. వాళ్ళ వల్లనే కొన్ని రకాల వాల్వులు నేటికీ కొత్తగా తయారవుతున్నాయి. కానీ 12ఏఎక్స్7 కోసం, ఈఎల్84 కోసం నడుస్తున్న పాత రేడియోను విప్పి మిగిలినదాన్ని చెత్తలో పడేసే పద్ధతి ఇక్కడ పెరుగుతోంది, అది నాకు బాధ కలిగిస్తుంది. మ్యాజిక్ ఐ కోసం చెక్కపెట్టెను పగలగొట్టడం అంతకన్నా అన్యాయం. రేడియోలో పనిచేస్తున్న వాల్వును ఆ రేడియోలోనే ఉండనివ్వాలన్న నియమాన్ని నేను గట్టిగా పాటిస్తాను. నా బీరువాలోకి వచ్చేవి విడిగా దొరికినవి, పెట్టెల్లో మిగిలిపోయినవి, బాగుచేయడానికి వీలులేని సెట్ల నుంచి తీసినవి మాత్రమే.

ప్రస్తుతం నేను బీఈఎల్ తయారుచేసిన రిసీవింగ్ వాల్వుల రకాలన్నిటికీ ఫోటోలతో ఒక పట్టిక సిద్ధం చేస్తున్నాను: రకం, అచ్చు వేసిన తీరు, గాజు మీది కోడు, ప్లేటు ఆకారం, అభ్రకపు బిళ్ళల కోత, అట్టపెట్టె. మీ ఇళ్ళ అటకల మీద అటువంటివి ఉంటే వాల్వును దాని అట్టపెట్టె నుంచి వేరు చేయకండి; పెట్టె మీది చిన్న ముద్రలే తయారైన కాలాన్ని తెలుసుకోవడానికి దారి. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి, కోడు అక్షరాలు కనిపించేలా వెలుతురు ఒక పక్క నుంచి పడనివ్వండి. జాలహళ్ళిలో ఆ విభాగంలో పనిచేసిన తల్లిదండ్రులు, పెదనాన్నలు, అత్తలు మీ కుటుంబంలో ఉంటే, ఏ యంత్రం మీద ఏ పని చేశారో, ఎలా నేర్చుకున్నారో, పరీక్షలో వాల్వును ఎందుకు పక్కన పెట్టేవారో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టండి.